విదేశీ చదువుకు ఏడాది ముందే: పెద్దమందడి ఇళ్లలో సరిచూసుకోవాల్సిన పేర్లు, పైసలు, కాగితాలు

గల్ఫ్‌కు పనికి పోయే మనిషికి వీసా కంపెనీ నుంచి వస్తుంది. కఫీల్ ఎవరు, జీతం ఎంత, ఉండేది ఎక్కడ అన్నది కాగితం మీద రాసి ఉంటుంది. అమెరికాకో బ్రిటన్‌కో చదువుకు పోయే పిల్లల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. పిలిచేది యూనివర్సిటీ, ఖర్చు పెట్టేది ఇల్లు. ఈ పేరు గల మనిషి ఇతనే, ఏడాది ఖర్చుకు డబ్బు ఉంది, ఆ డబ్బు ఫలానా దారిలో వచ్చింది అని రుజువు చూపాల్సింది కుటుంబమే.

పెద్దమందడి లాంటి మండల కేంద్రంలో కొడుకో కూతురో బీటెక్, డిగ్రీ ముగించి "బయట ఎంఎస్ చేస్తా" అన్నప్పుడు ఇంట్లో మొదట మాట్లాడేది ఏ దేశం, ఏ కోర్సు అని. అవి ముఖ్యమే. కానీ ఆఖరి నిమిషంలో పని చెడేది ఎక్కువగా రెండు చోట్ల: కాగితాల్లో పేరు కలవకపోవడం, డబ్బు లెక్క కుదరకపోవడం. ఈ రెండూ ఏడాది ముందే సరిచేసుకోవచ్చు.

పేరు అంతటా ఒక్కటే ఉండాలి

ముస్లిం కుటుంబాల్లో ఇది అందరికీ తెలిసిన తిప్పలే. పదో తరగతి మెమోలో "ఎండీ" అని ఉంటుంది. ఆధార్‌లో "మహమ్మద్", పాన్ కార్డులో "మొహమ్మద్", అదీ ఒక్కో చోట ఒక్కో ఇంగ్లిషు స్పెల్లింగుతో. షేక్, సయ్యద్ అన్న మాట ఒక కాగితంలో పేరుకు ముందు, ఇంకో దాంట్లో వెనక. అమ్మీ పేరు ఒకచోట "బేగం", మరోచోట "బీ". ఊళ్లో అందరికీ ఆ మనిషి తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం వాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు.

పుట్టిన తేదీకి, పేరుకు పదో తరగతి మెమోనే ఆధారంగా పెట్టుకోవడం మేలు. ఆ తర్వాతి సర్టిఫికెట్లన్నీ దాని మీదే నడుస్తాయి, దాన్ని మార్చడం కష్టం కూడా. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు దానికి తగ్గట్టు సరిచేయించుకోవాలి. మెమోలోనే తప్పు ఉంటే ముందుగా ఆ పని పట్టుకోవాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది అదే.

పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. చాలామంది మొత్తం పేరును ఒకే గడిలో నింపి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అట్లాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది. పేరు ఉండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. అక్కడికి పోయాక బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, జీతం చెక్కు అన్నిటా ఆ మూడక్షరాలు వెంటపడతాయి. పాస్‌పోర్టు తీసేటప్పుడే రెండు గడులూ నింపితే ఈ గోల ఉండదు. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్, జీఆర్ఈ పరీక్షలకు కూడా పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి.

పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేదు. వనపర్తిలోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, 1,500 రూపాయలు కట్టి, స్లాట్ తీసుకుని అసలు కాగితాలతో పోవాలి. తర్వాత పోలీసు విచారణ మన ఠాణా నుంచే జరుగుతుంది.

ఇంకో చిన్న సంగతి. వనపర్తి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. అంతకు ముందు పుట్టిన పిల్లల కాగితాల్లో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటుంది, ఇప్పటి చిరునామాలో వనపర్తి అని ఉంటుంది. ఇది తప్పు కాదు, కంగారు పడి ఏదీ మార్చొద్దు. పుట్టిన చోటు పాస్‌పోర్టులో ఎట్లా పడిందో, యూనివర్సిటీ ఫారంలో, వీసా ఫారంలో అట్లనే రాస్తే చాలు.

ఏ నెలలో ఏ పని

ఆగస్టు, సెప్టెంబర్‌లో మొదలయ్యే చదువుకు పని అంతకు ముందటి ఏడాది ఆగస్టులోనే మొదలుకావాలి. మొదటి రెండు నెలలు పేర్ల సవరణ, పాస్‌పోర్టు. అప్పుడే పాలమూరు యూనివర్సిటీ, ఉస్మానియా, జేఎన్‌టీయూ, చదివింది ఎక్కడైతే అక్కడ ట్రాన్‌స్క్రిప్టులకు అర్జీ పెట్టుకోవాలి. అక్టోబర్ నాటికి ఇంగ్లిషు పరీక్ష రాయాలి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ మార్కులు రెండేళ్లు చెల్లుతాయి, జీఆర్ఈ మార్కులు ఐదేళ్లు చెల్లుతాయి, కాబట్టి తొందరగా రాస్తే నష్టం లేదు. అక్టోబర్ నుంచి జనవరి దాకా యూనివర్సిటీలకు అర్జీలు. వసంతంలో ఆఫర్ లెటర్లు వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా డబ్బు రుజువులు, వీసా.

అమెరికాకైతే యూనివర్సిటీ ఐ-20 అనే కాగితం పంపుతుంది. దాని మీద సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కట్టాలి. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో. రెండూ వేర్వేరు చోట్లు, తరచుగా వేర్వేరు రోజులు. డీఎస్-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థులు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా అడుగుతున్నారు. ఒక ఖాతాను దాచిపెడితే, అందులో ఉన్న పోస్టుకంటే దాచడమే పెద్ద తప్పవుతుంది.

బ్రిటన్‌కైతే టీబీ పరీక్ష సర్టిఫికెట్ కావాలి. వైద్యం కోసం విద్యార్థి ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి. ఏడాది మాస్టర్స్‌కు వీసా ఏడాది దాటి ఉంటుంది కాబట్టి సాధారణంగా ఏడాదిన్నర లెక్కన 1,164 పౌండ్లు అవుతుంది. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు భార్యనో భర్తనో పిల్లలనో వెంట తీసుకుపోయే వీలు లేదు. నిఖా చేసి ఇద్దరినీ కలిపి పంపుదాం అనుకునే ఇళ్లలో ఈ సంగతి ముందే తెలియాలి.

సర్కారు 20 లక్షలు: ఎప్పుడు చేతికొస్తాయి?

సర్కారు సొమ్ముతో విదేశాలకు పోయి చదవడం ఈ గడ్డకు కొత్త కాదు. వనపర్తి సంస్థానం నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1895లో, సరోజినీ నాయుడు ఇంగ్లండు పోయింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. మొదట 10 లక్షలు ఉండేది, తర్వాత 20 లక్షలు చేశారు. దీనికి తోడు ఒకవైపు విమాన టికెట్‌కు 60 వేల రూపాయల దాకా ఇచ్చే నిబంధన ఉంది.

కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి. మాస్టర్స్‌కు పోయేవాళ్లకు డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. ఒక ఇంటి నుంచి ఒక్కరికే. అర్జీ తెలంగాణ ఈపాస్ సైట్‌లో పెట్టాలి, కాగితాల పరిశీలన వనపర్తి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో జరుగుతుంది. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో అర్జీ పెడితే తహసీల్దారు కార్యాలయం నుంచి వస్తుంది. నోటిఫికేషన్ వచ్చాక దానికోసం తిరిగితే గడువు అయిపోతుంది. ప్రతిసారీ నోటిఫికేషన్‌లో నిబంధనలు కొద్దిగా మారే అవకాశం ఉంది కాబట్టి, పోయినేడు పొందినవాళ్లు చెప్పింది విని ఊరుకోకుండా తాజా నోటిఫికేషన్ చదవాలి.

అసలు మెలిక డబ్బు వచ్చే సమయంలో ఉంది. మొదటి 10 లక్షలు విద్యార్థి ఆ దేశంలో దిగి, దిగినట్టు ఇమిగ్రేషన్ కాగితం పంపిన తర్వాత. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. అది కూడా చెప్పిన రోజుకు పడుతుందన్న భరోసా లేదు. నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. అంటే విమానం ఎక్కేనాటికి ఆ 20 లక్షల్లో ఒక్క రూపాయి చేతిలో ఉండదు.

ఒక లెక్క వేసి చూడొచ్చు. ఐ-20లో ఏడాది ఖర్చు 30 వేల డాలర్లు అని ఉందనుకుందాం. డాలరు 90 రూపాయలు అనుకుంటే 27 లక్షలు. సెవిస్, వీసా ఫీజులు రెండూ కలిపి 535 డాలర్లు, అంటే 48 వేల పైన. ఇంకా టికెట్, మొదటి సెమిస్టర్ ఫీజు, ఇంటి అడ్వాన్సు, రెండు మూడు నెలల తిండి ఖర్చు. ఇవన్నీ ఇంటి డబ్బుతోనే కావాలి. స్కాలర్‌షిప్ వస్తే రెండో సెమిస్టర్‌కు ఆసరా అవుతుంది. అది రాకపోయినా చదువు ఆగకుండా మొదటి ఏడాది గడిచేటట్టు ఉందా అన్నదే అబ్బా, అమ్మీ కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న.

వడ్డీ అప్పు వద్దనుకునే ఇళ్లకు

చాలా ముస్లిం కుటుంబాలు ఆగిపోయేది ఇక్కడే. బ్యాంకు విద్యా రుణం అంటే వడ్డీ. దాని మీద షరియత్ మాట ఏమిటన్నది నమ్మకమున్న ఆలింను అడిగి తేల్చుకోవాలి. లెక్క ప్రకారం చూస్తే మాత్రం అప్పు అవసరాన్ని తగ్గించే దారులు కొన్ని ఉన్నాయి.

మొదటిది దేశం ఎంపిక. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం బయటి దేశాల వాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. యూరో 100 రూపాయలు అనుకుంటే దాదాపు 12 లక్షలు. ఇది ఫీజు కాదు, విద్యార్థి సొంత డబ్బే. అక్కడికి పోయాక నెలకు 992 యూరోల చొప్పున తిరిగి చేతికిస్తారు. భారత విద్యార్థులకు 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, దానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే అర్జీ పెట్టాలి.

రెండోది పూర్తి ఖర్చు ఇచ్చే స్కాలర్‌షిప్‌లు. ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లకు బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్, జర్మనీకి డాడ్ ఉన్నాయి. జెద్దాలోని ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు, భారత్ లాంటి సభ్యత్వం లేని దేశాల ముస్లిం విద్యార్థులకూ స్కాలర్‌షిప్‌లు ఇస్తూ వస్తోంది. అమెరికాలో పీహెచ్‌డీకి సీటు వస్తే చాలా చోట్ల ఫీజు మాఫీ చేసి నెలనెలా భత్యం ఇస్తారు. చదువులో ముందున్న పిల్లలు మాస్టర్స్ ఒక్కటే దారి అనుకోవద్దు.

మూడోది బంధువుల ఖర్జ్-ఎ-హసనా. మామూ 3 లక్షలు, చాచా 2 లక్షలు ఇస్తామంటే అది నోటిమాటగా ఉండకూడదు. ఎంత, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటికి తిరిగిస్తారు అన్నది రాసుకుని సాక్షుల సంతకాలు పెట్టించాలి. అప్పును రాసుకోమని ఖురాన్‌లోని సూరా బఖరా 282వ ఆయత్ చెప్తుంది. అట్లా రాసుకున్న కాగితం వీసా ఇంటర్వ్యూలో డబ్బు ఎక్కడిదని అడిగినప్పుడు కూడా పనికొస్తుంది.

కొందరు ఏజెంట్లు ఇప్పటికీ "పఢో పరదేశ్‌లో కేంద్రం వడ్డీ కడుతుంది" అంటారు. ఆ పథకం 2022-23 నుంచే ఆగిపోయింది.

ఆదాయం తక్కువ, ఖాతాలో ఎక్కువ

ఇక్కడే ఒక చిక్కు ఉంది, దీన్ని ముందుగా ఎవరూ చెప్పరు. స్కాలర్‌షిప్ కోసం ఆదాయం 5 లక్షల లోపు అని ధ్రువపత్రం తెచ్చుకుంటారు. వీసా కోసం ఖాతాలో 27 లక్షలు చూపిస్తారు. రెండూ నిజం కావచ్చు. ఆదాయం వేరు, కూడబెట్టింది వేరు. కానీ ఆఫీసరు అడిగితే ఆ రెండింటి మధ్య దారి చూపాలి. ఎకరం అమ్మితే రిజిస్ట్రేషన్ కాగితం. బంగారం అమ్మితే దుకాణం రసీదు. యాసంగి పల్లి అమ్మిన డబ్బు అయితే మార్కెట్ చీటీలు, అది బ్యాంకులో వేసిన తేదీ. పదవీ విరమణ డబ్బు అయితే ఆ ఉత్తర్వు. అక్క పెళ్లికి దాచిన డబ్బు ఇంట్లోనే ఉంటే దాన్ని నెలల ముందే ఖాతాలో వేయాలి.

బ్రిటన్ వీసాకు డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. ఆ ఖాతా విద్యార్థిదో తల్లిదండ్రులదో అయి ఉండాలి. మామూ ఖాతాలో కోటి రూపాయలున్నా లెక్కకు రాదు. అమెరికాకు బంధువు స్పాన్సర్‌గా నిలబడొచ్చు, కాకపోతే ఆ బంధువు ఎందుకు ఖర్చు పెడుతున్నాడో నమ్మేటట్టు చెప్పాలి.

"మీ ఖాతాలో నెలరోజులు డబ్బు పెడతాం, కమీషన్ ఇస్తే చాలు" అనేవాళ్లు హైదరాబాద్‌లో దొరుకుతారు. దొంగ అనుభవ పత్రాలు, దొంగ మార్కుల మెమోలు చేసిపెట్టేవాళ్లూ దొరుకుతారు. పట్టుబడితే శిక్ష పడేది విద్యార్థికే. మోసం చేశారని తేలితే బ్రిటన్ పదేళ్లు, కెనడా ఐదేళ్లు రానివ్వవు. అమెరికా చట్టంలో అది జీవితాంతం అడ్డుపడే తప్పు.

కాలేజీ ఉందా, క్లాసులు ఉన్నాయా?

తెలుగు పిల్లలకు ఈ పాఠం రెండుసార్లు గట్టిగా తగిలింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు కట్టారు. దాన్ని నడిపిన మనిషికి తర్వాత 16 ఏళ్లకు పైగా జైలు పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అప్పుడు పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు.

ఫార్మింగ్టన్ పేరు అధికారిక జాబితాలో కూడా కనిపించేది. కాబట్టి జాబితా చూసి ఊరుకుంటే సరిపోదు. తరగతులు ఏ రోజుల్లో, పాఠం చెప్పేది ఎవరు, పోయినేడు చేరిన వాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు అని అడగాలి. "క్లాసుకు పోనక్కర్లేదు, మొదటి రోజు నుంచే బయట పని చేసుకోవచ్చు" అని ఎవరైనా చెప్తే ఆ మాట దగ్గరే లేచి రావాలి. ఏజెంటుకు కమీషన్ ఇచ్చేది కాలేజీ. అందుకే అతను చెప్పే పేర్లతో పాటు, అతను చెప్పని యూనివర్సిటీలకు కూడా నేరుగా అర్జీ పెట్టడం మంచిది.

పార్ట్‌టైం పని మీద అప్పు లెక్క వేయొద్దు

"పోయిన నెల నుంచే సంపాదిస్తాడు" అన్న లెక్కతో అప్పు తెచ్చే ఇళ్లు ఉన్నాయి. అమెరికాలో తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకానే పని. మొదటి ఏడాది బయట పనికి సాధారణంగా అనుమతి లేదు. బ్రిటన్‌లో కూడా సెమిస్టర్ రోజుల్లో వారానికి 20 గంటలే, కెనడాలో 24 గంటలు. క్యాంపస్ పని దొరకడానికే ఒక సెమిస్టర్ పట్టొచ్చు. ఆ జీతం తిండికి, బస్సు ఖర్చుకు సాయం అవుతుంది కానీ ఫీజును మోయదు. ఇంటి నుంచి "కిస్తీ పంపు" అని ఫోన్లు వస్తే పిల్లలు గ్యాస్ స్టేషన్‌లోనో హోటల్‌లోనో చాటుగా పనికి పోతారు. దొరికితే వీసా పోతుంది, చదువూ పోతుంది. ఆ ఒత్తిడి ఇంటి నుంచి రాకుండా చూడటం పెద్దల బాధ్యత.

ఆఖరి నెల

అమెరికాకు కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల లోపే దిగాలి, అంతకు ముందు రానివ్వరు. ఐ-20, ఆఫర్ లెటర్, డబ్బు రుజువులు, అసలు సర్టిఫికెట్లు చేతిసంచిలోనే ఉండాలి, లోపల వేసే పెట్టెలో వద్దు. టీకాల రికార్డు యూనివర్సిటీలు అడుగుతాయి, ముఖ్యంగా తట్టు, గవదబిళ్లల టీకాలు. మందులు వాడేవాళ్లు డాక్టరు చీటీతో సహా తీసుకుపోవాలి. మామిడికాయ పచ్చడికి అడ్డు లేదు కానీ మటన్ పచ్చడి, ఎండు మాంసం అమెరికా, బ్రిటన్ విమానాశ్రయాల్లో తీసేస్తారు. దాచి చెప్పకపోతే జరిమానా కూడా.

బ్యాంకుకు పోయి విద్యార్థి ఖాతా సంగతి మాట్లాడాలి. విదేశంలో ఉండేవాళ్ల ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలన్నది నిబంధన. స్కాలర్‌షిప్ డబ్బు పడాల్సిన ఖాతా కూడా అదే అయితే, మార్చే ముందే మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఆధార్‌కు, బ్యాంకుకు కట్టిన సిమ్ కార్డు ఆగిపోకుండా ఇంట్లో ఎవరో ఒకరు రీచార్జి చేస్తూ ఉండాలి. ఓటీపీ రాక రెండో విడత ఆగితే అంత దూరం నుంచి చేసేదేమీ ఉండదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో విద్యార్థి పేరు నమోదు చేస్తే, ఏదైనా ఆపద వచ్చినప్పుడు భారత ఎంబసీకి మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది.

జుమా ఎక్కడ, హలాల్ మాంసం ఎక్కడ, రంజాన్‌లో ఇఫ్తార్ ఎట్లా అన్నవి ఆఫర్ వచ్చినప్పుడే కనుక్కోవచ్చు. అమెరికాలో ముస్లిం స్టూడెంట్స్ అసోసియేషన్ 1963లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మొదలై ఇప్పుడు ఎన్నో క్యాంపస్‌లలో ఉంది. ఒక ఈమెయిల్ రాస్తే విమానాశ్రయం నుంచి ఎట్లా రావాలి, గది పంచుకునే వాళ్లు ఎవరున్నారు అన్నది తరచుగా వాళ్లే చెప్తారు. కూతుర్ని పంపే ఇళ్లలో ఈ పని మొదటే చేయాలి. గదిలో ఉండబోయే అమ్మాయిలతో అమ్మీ ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడితే సగం దిగులు తీరుతుంది.

వీటన్నిటి తర్వాత కూడా లెక్క కుదరకపోతే, సీటును తర్వాతి సెమిస్టర్‌కు మార్చమని యూనివర్సిటీని అడగొచ్చు. చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. ఆ ఆరు నెలల్లో పేరు సవరణ పూర్తవుతుంది, ఇంకో స్కాలర్‌షిప్‌కు అర్జీ పెట్టొచ్చు, ఇంకో పంట చేతికొస్తుంది. తొందరపడి ఎకరం అమ్మి, మూడో నెలలో ఫీజు కట్టలేక తిరిగొచ్చే దానికంటే, జనవరిలో నిమ్మళంగా పోవడం ఆ పిల్లవాడికీ మంచిది, ఇంటికీ మంచిది.